వెంచర్ మ్యాప్ కాదన్నా ఇది

"ఏ ఊర్లోన్నా ఈ వెంచరు? అంకణం ఎంత?" అన్నాడు జిరాక్స్ షాపు అబ్బాయి, ఏ3 కలర్ ప్రింట్ బయటికొస్తుంటే. తిరుపతిలో గీతలున్న కాగితం కనబడితే ప్లాట్లే అనుకుంటారు, వాడి తప్పేం లేదు.

అది అమెరికాలోని నెవాడా ఎడారి మ్యాపు. 1954 నాటి బుల్‌ఫ్రాగ్ షీటు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు పాత టోపో షీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపులు) స్కాన్ చేసి ఫ్రీగా పెట్టారు, నిద్ర పట్టని రాత్రుళ్లు నేను అవే తిరగేస్తుంటా (ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు, అనుకోనీ). స్కేలు 1:62,500, అంటే ఇంచుకి దాదాపు మైలు. గోధుమరంగు కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, ఇరుక్కుని ఉంటే నిటారు కొండ, విడివిడిగా ఉంటే మైదానం. ఇంటూ మార్కులా వేసిన రెండు పలుగులుంటే గని.

నాకు పిచ్చెక్కించింది ఇందులోని రయోలైట్ అనే ఊరు. 1904లో ఆ చుట్టుపక్కల బంగారం దొరికింది, మూడు నాలుగేళ్లలో వేలమంది జనం, బ్యాంకులు, రైళ్లు, కరెంటు లైట్లు. 1910 జనాభా లెక్కల్లో మిగిలింది 675 మంది. 1916లో కరెంటు కూడా తీసేశారు.

ఇదంతా మా నాయనకి ఉత్సాహంగా చెప్తున్నా. ఆయన చెనిక్కాయలు ఒలుస్తూ, మ్యాపు మీద పడ్డ పొట్టు ఊదేసి, "అది సరే, నీళ్లెక్కడరా?" అన్నాడు. నీలం గీత చూపించా. గీత, మూడు చుక్కలు, మళ్లీ గీత. ఎప్పుడో వానొస్తే పారే ఏరని అర్థం.

"మన స్వర్ణముఖి మాదిరా?"

అచ్చం అదే. ఆ గీత అమర్గోసా నది, చాలా దూరం ఇసుక కిందే పారుతుంది. మా నాయన చిన్నప్పుడు చంద్రగిరి దగ్గర ఏట్లో చెలమ తవ్వి ఆవులకి నీళ్లు తాపినోడు, ఆయనకి విడమరిచి చెప్పే పన్లేదు. మన ఏటి పేరులో బంగారం ఉంది, అమర్గోసా అంటే స్పానిష్‌లో చేదు!

ఆయన వేలు గనుల మీద నిలవలేదు, నీలం గీత పట్టుకుని కుడి అంచుదాకా పోయి బీటీ అనే ఊరి దగ్గర ఆగింది. "ఊరు ఈడ పెట్టుకోవాల." ఆ ఏటి పక్కనే రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద పొలం) కొనుక్కున్న ఒకాయన పేరే ఆ ఊరికి. రయోలైట్‌కి పైపుల్లో నీళ్లు తెచ్చుకున్నారు, ఇప్పుడక్కడ మొండిగోడలే. బీటీలో మాత్రం జనం ఇంకా ఉన్నారు.

"మన పక్క షీటు దొరకదా? మా ఆవుల దొడ్డి యాడుండేదో చూపిస్తా."

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లు ఆన్‌లైన్లో ఉన్నాయి. రేపు మళ్లీ అదే జిరాక్స్ షాపుకి పోవాలి.