నాలుగు మైళ్ల దూరం

ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం గూడిసన్ పార్క్‌లో నేను మొదటిసారి కూర్చున్న సీటు ముందు, కొంచెం ఎడమగా, ఒక ఇనుప స్తంభం ఉండేది. చూపుకు అడ్డు ఉంటుందని టికెట్ మీదే అచ్చు వేసి అమ్మిన సీటు అది. ఎన్నిసార్లు రంగు పూశారో తెలియని ఆ చెక్క కుర్చీలో మోకాళ్లు ముందు వరసకు తగిలేలా కూర్చుని, బంతి ఎడమవైపు గోల్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా కుడి భుజం మీదికి ఒరిగి చూడాల్సి వచ్చేది. నేను ఒక్కడినే కాదు, మా వరసలో ఉన్న పదిమందీ ఒకేసారి, ఎవరో తాడు పట్టి లాగినట్టు, ఒక పక్కకు ఒరిగేవాళ్లు. అది 2006 శరదృతువు. చదువు కోసం లివర్‌పూల్ నగరానికి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. నన్ను ఆ మ్యాచ్‌కు తీసుకెళ్లింది వాల్టన్‌లో నేను అద్దెకు దిగిన ఇంటి ఓనరు. ఆయనకు అప్పటికి యాభై ఆరేళ్లు. పదహారేళ్ల వయసులో, 1966 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఉత్తర కొరియా మీద మూడు గోల్స్ వెనకబడిన పోర్చుగల్‌ను యూసేబియో ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టి 5–3తో గట్టెక్కించడం ఇదే మైదానంలో చూసిన మనిషి. ఆ స్తంభాన్ని ఆయన తిట్టని మ్యాచ్ లేదు.

అలాంటి పెద్దాయన మరుసటి ఏడాది కొత్త స్టేడియం వద్దని ఓటు వేశారు. ఎందుకు వేశారో నాకు పూర్తిగా అర్థం కావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

ముందుగా మన వాళ్ల కోసం ఒక మాట. నేను లివర్‌పూల్‌లో ఉంటున్నానని, ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందని తెలిసిన దగ్గర నుంచి హైదరాబాద్‌లోని మా బంధువులు ఆ ఎర్ర చొక్కా జట్టు గెలిచినప్పుడల్లా నాకు శుభాకాంక్షలు పంపిస్తారు. నేను చూసేది నీలం చొక్కా జట్టును, ఎవర్టన్‌ను. నిజానికి ఎర్ర జట్టు పుట్టడానికి కారణమే ఒక మైదానం తగాదా. 1884 నుంచి యాన్‌ఫీల్డ్‌లో ఆడింది ఎవర్టన్. అద్దె విషయంలో, యాజమాన్యం విషయంలో ఆ మైదానం యజమాని జాన్ హౌల్డింగ్‌తో చెడి, క్లబ్బు స్టాన్లీ పార్క్‌కు అవతలి పక్కకు మారి గూడిసన్ పార్క్ కట్టుకుని, 1892 ఆగస్టు 24న తెరిచింది. ఖాళీ అయిన యాన్‌ఫీల్డ్‌లో ఆడించడానికి హౌల్డింగ్ కొత్తగా పెట్టిన జట్టే లివర్‌పూల్. కాబట్టి ఈ నగరంలో మైదానం ఎక్కడ ఉండాలన్న వాదన కొత్తదేమీ కాదు. ఇక్కడి ఫుట్‌బాల్ దాని మీదే నిలబడి ఉంది.

గూడిసన్‌ను పెంచడానికి వీలు లేదన్నది అందరూ ఒప్పుకున్న సంగతే. మూడు పక్కలా గోడకు గోడ ఆనుకుని ఇళ్లు, ఒక బడి, ఒక మూల రెండు స్టాండ్ల మధ్య ఇరుక్కుని సెయింట్ లూక్ చర్చి ఉన్నాయి. 1948లో లివర్‌పూల్‌తో ఆడిన మ్యాచ్‌కు 78,299 మంది వచ్చిన చోట, అందరికీ సీట్లు వేశాక నలభై వేలకు కాస్త తక్కువే పట్టేవారు. అందుకే 2000 దాటిన తొలి రోజుల్లో నగరం నడిబొడ్డున, నది ఒడ్డున ఉన్న కింగ్స్ డాక్‌లో 55,000 సీట్ల స్టేడియం కడతామన్నారు. క్లబ్బు తన వాటాగా పెట్టవలసిన 3 కోట్ల పౌండ్లు పోగు చేయలేక 2003లో ఆ ఆలోచన కూలిపోయింది. ఇల్లు కట్టి చూడమని సామెత చెప్పినవాళ్లు స్టేడియం జోలికి వెళ్లి ఉండరు. ఆ స్థలం పేరెత్తితే ఇప్పటికీ నిట్టూర్చే అభిమానులు నాకు తెలుసు.

ఆ తర్వాత వచ్చింది కర్క్‌బీ. నగరం సరిహద్దు దాటాక, నోస్లీ అనే మరో పాలక మండలి పరిధిలో, గూడిసన్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఊరు అది. టెస్కో అక్కడ ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కట్టుకుంటుంది, దానితోపాటే యాభై వేల మంది పట్టే స్టేడియం లేస్తుంది, క్లబ్బు మీద పడే భారం తక్కువగా ఉంటుంది అన్నది ప్రతిపాదన. 2007 ఆగస్టులో అభిమానుల మధ్య ఓటింగ్ పెట్టారు. ఆ నెలంతా మా ఇంట్లో అన్నం కంటే ఈ వాదనే ఎక్కువ ఉడికింది.

పెద్దాయన కొడుకు ‘సరే’ పక్షం. అతని లెక్కలు తప్పని నేను అనలేను. ఇంత తక్కువ ఖర్చుతో ఇంకెవరు కట్టిస్తారు, స్తంభాల వెనక నుంచి ఇంకెన్నేళ్లు చూస్తాం, అందరూ పెద్ద స్టేడియాలు కట్టుకుంటుంటే టికెట్ల రాబడి లేకుండా మంచి ఆటగాళ్లను ఎలా కొంటాం అనేవాడు. అంతకంటే బలమైన మాట ఇంకోటి ఉండేది. కర్క్‌బీలో ఉంటున్నది పరాయివాళ్లు కారు; యుద్ధం తర్వాత లివర్‌పూల్ మురికివాడలను ఖాళీ చేయించి, ఆ కుటుంబాలకే ఇళ్లు కట్టించి పంపిన చోటు అది, అక్కడ ప్రతి వీధిలో నీలం చొక్కాలు ఉన్నాయి, మరి వాళ్లది లివర్‌పూల్ కాదని చెప్పడానికి మనమెవరం అని అడిగేవాడు.

ఆ ప్రశ్నకు పెద్దాయన సూటిగా జవాబు చెప్పేవారు కాదు. సరిహద్దు గీత దాటిన మర్నాడే ఈ నగరానికి ఒకే ఒక్క క్లబ్బు ఉందని పార్క్ అవతలివాళ్లు పాట కడతారని మాత్రం అనేవారు. నాకది అప్పట్లో పిల్లల పంతంలా తోచింది. సూపర్‌మార్కెట్ పార్కింగ్ పక్కన నాలుగు గోడలు లేపి దాన్ని ఎవర్టన్ అంటే ఎవర్టన్ అయిపోదని, మ్యాచ్‌కు నడిచి వెళ్లడం, దారిలో పబ్‌లో ఆగడం, తెలిసిన ముఖాలు కనిపించడం కూడా ఆటలో భాగమేనని ఆయన వాదన. ఎవర్టన్‌ను మా నగరంలోనే ఉంచండి అంటూ ఒక ఉద్యమం అప్పటికే నడుస్తోంది. ఓట్లు లెక్కపెడితే 15,230 మంది సరేనన్నారు, 10,468 మంది వద్దన్నారు. కొడుకు గెలిచాడు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని, మాట్లాడుకోకుండా టీవీ చూశారు.

గెలిచినా స్టేడియం మాత్రం లేవలేదు. బహిరంగ విచారణ జరిపిన తర్వాత 2009 నవంబరులో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. అందుకు ప్రధాన కారణం అభిమానుల మనోభావాలు కావు, అంత పెద్ద దుకాణ సముదాయం చుట్టుపక్కల ఊళ్ల వ్యాపారాన్ని దెబ్బ తీస్తుందన్న ఆందోళన. అయితే పది వేల మంది వద్దన్న సంగతీ, వాళ్లు ఊరుకోకుండా విచారణ దాకా వెళ్లి తమ వాదన వినిపించిన సంగతీ చిన్నవి కావు. వాళ్లను మొండివాళ్లని, క్లబ్బు ఎదుగుదలకు అడ్డుపడ్డారని ఏళ్ల తరబడి నిందించారు. ఒకప్పుడు నేనూ నిందించాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు: ఆనాడు వద్దన్నవాళ్లదే సరైన మాట. ఆ నాలుగు మైళ్లు మరీ ఎక్కువ కాబట్టి కాదు. స్టేడియం ఎక్కడ ఉండాలన్నది సూపర్‌మార్కెట్‌కు ఎక్కడ స్థలం దొరికిందన్న దాన్ని బట్టి తేలిపోవడం సరికాదు కాబట్టి. అయితే ఆ మాట నిజమని తేలడానికి అభిమానులు మరో పదహారేళ్లు స్తంభాల పక్క నుంచే ఒరిగి చూశారన్నది కూడా దాచకూడదు.

నడుమ వాల్టన్ హాల్ పార్క్ అనే ఇంకో ప్రతిపాదన 2014లో వచ్చి 2016లో పోయింది. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

బ్రామ్లీ-మూర్ డాక్ పేరు 2017లో గట్టిగా వినిపించింది. మెర్సీ నది ఒడ్డున జెస్సీ హార్ట్లీ కట్టించగా 1848లో తెరుచుకున్న రేవు అది. నగరం లోపలే ఉంది, నీళ్ల పక్కన ఉంది. కాబట్టి ఎక్కడ అన్న వాదన ఒక్కసారిగా చల్లారి, ఎలా, ఎంత అన్న వాదన మొదలైంది. డాన్ మీస్ గీసిన నమూనా 2019 జులైలో బయటికి వచ్చినప్పుడు అందరి కళ్లూ దక్షిణం వైపు స్టాండ్ మీద పడ్డాయి. పదమూడు వేల మంది ఒకే వాలులో, నిటారుగా, ఒకరి తల మీద ఒకరు ఉన్నట్టు నిలబడి అరిచే గోడ అది. అప్పటికి వెస్ట్ హామ్ అభిమానుల అనుభవం అందరి కళ్ల ముందే ఉంది. 2016లో వాళ్లు తమ పాత మైదానం వదిలి ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియానికి మారితే, పరుగు పందేల ట్రాక్ వల్ల మైదానం ఎక్కడో దూరంగా పడిపోయి, గోల్ వెనక కూర్చున్నవాళ్లకు ఆట వేరే ఊళ్లో జరుగుతున్నట్టు అయింది. ఇక్కడ ఆ తప్పు జరగకూడదన్నది పెద్దాయన, కొడుకు ఇద్దరూ ఒప్పుకున్న మొట్టమొదటి విషయం.

ఒప్పుకోనిది సీట్ల సంఖ్య. 52,888 అని ప్రకటించారు. అరవై వేలు ఉండాల్సిందని కొడుకు. పార్క్ అవతల యాన్‌ఫీల్డ్ పెరుగుతూ పెరుగుతూ ఇప్పుడు 61,000 దాటింది, టోటెన్‌హామ్ కొత్త స్టేడియం అంతకంటే పెద్దది, వందేళ్ల కోసం కట్టేటప్పుడు కొసరి కొసరి కడతారా అని అతని కోపం. నిండని అరవై వేల కంటే కిక్కిరిసిన యాభై వేలు నయమని, ఖాళీ కుర్చీలు జట్టును భయపెడతాయని పెద్దాయన. ఈ విషయంలో నా మనసు కొడుకు వైపే ఉంది. కానీ ఆ రోజుల్లో క్లబ్బు ఖర్చులు చూస్తే ఇంకా పెద్దది అడగడానికి నోరు రాదు. 50 కోట్ల పౌండ్లతో అయిపోతుందనుకున్న నిర్మాణం అంతకు ఎంతో మించిపోయింది. ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించినందుకు 2023 నవంబరులో జట్టుకు పది పాయింట్లు కోత పడింది, అప్పీలు చేసుకున్నాక అది ఆరుకు తగ్గింది. స్టేడియం అప్పుల మీద వడ్డీని పద్దుల్లో ఎలా చూపాలన్నది కూడా ఆ వివాదంలో భాగమే.

యునెస్కో సంగతి ఇంకో రకం తగాదా. నది ఒడ్డున వస్తున్న కొత్త కట్టడాలను, వాటిలో ఈ స్టేడియాన్నీ కారణంగా చూపి 2021 జులైలో లివర్‌పూల్‌ను ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించారు. మరుసటి నెలలోనే పనులు మొదలయ్యాయి. మూతపడి, జనం అడుగు పెట్టడానికి వీల్లేకుండా ఉన్న రేవును వారసత్వమని పిలవడం నాకు మింగుడు పడలేదు. కానీ వాదన కోసమైనా ఒకసారి వెళ్లి చూద్దామని ఆ వీధిలో నడిచాను. హార్ట్లీ కట్టించిన ప్రహరీ గోడలో ఒక రాయి ఆకారం ఇంకో రాయికి ఉండదు. అంకణాలు, వరసలు లేకుండా పెద్ద పెద్ద గ్రానైటు రాళ్లను ఒకదాని వంపులో ఒకటి ఒదిగేట్టు పేర్చారు. సందులో వేలి గోరు కూడా దూరదు. గోడను, 1883 నాటి హైడ్రాలిక్ టవర్‌ను అలాగే ఉంచారు. రేవును మాత్రం ఐరిష్ సముద్రం అడుగు నుంచి తోడి తెచ్చిన ఇసుకతో, దాదాపు 4,80,000 ఘనపు మీటర్లతో, పూడ్చేశారు. గోడ నిలిచింది, నీళ్లు పోయాయి. వారసత్వం పోయిందన్నవాళ్ల బాధ పూర్తిగా ఉత్తిది కాదని ఆ గోడ పక్కన నిలబడ్డాకే నాకు తోచింది.

పాత మైదానం ఏమవుతుందన్నది అన్నిటికంటే సున్నితమైన వాదన. అక్కడ మైదానం అంచుల్లో వందల మంది అభిమానుల అస్థికలు ఉన్నాయి. చోటు చాలక ఆ ఆనవాయితీని ఆపేశారు కూడా. 1927–28 సీజన్లో లీగ్‌లో 60 గోల్స్ కొట్టిన డిక్సీ డీన్ 1980లో లివర్‌పూల్‌తో మ్యాచ్ చూస్తూ ప్రాణం విడిచింది ఆ స్టాండ్లలోనే. అలాంటి చోట బుల్డోజర్ తిరగడం పెద్దాయన ఊహకు అందేది కాదు. 2025 మే 18న సౌతాంప్టన్‌తో పురుషుల జట్టు అక్కడ చివరి మ్యాచ్ ఆడడానికి కొద్ది రోజుల ముందు, మైదానాన్ని కూల్చకుండా మహిళల జట్టుకు ఇస్తున్నట్టు ప్రకటించారు. ఇన్నేళ్ల వాదనల్లో రెండు పక్షాలకూ ఒకేసారి కన్నీళ్లు తెప్పించిన నిర్ణయం అదొక్కటే. అయినా మ్యాచ్ రోజు రాబడి మీదే బతికిన ఆ చుట్టుపక్కల పబ్‌లకు, చిప్స్ దుకాణాలకు అది పూర్తి ఊరట కాదు. అలాగే రేవు దగ్గరి వీధుల్లో మ్యాచ్ రోజు పార్కింగ్ ఆంక్షల మీద అక్కడి చిన్న వ్యాపారుల గొడవ వేరే ఉంది.

కొత్త స్టేడియంలో మొదటి లీగ్ మ్యాచ్ 2025 ఆగస్టు 24న, గూడిసన్ తెరిచిన రోజుకు సరిగ్గా 133 ఏళ్లకు, బ్రైటన్‌తో పడింది. మేం ముగ్గురం వెళ్లాం. ఇటుక గోడల మీద గూడిసన్ స్టాండ్లకు ఆర్చిబాల్డ్ లీచ్ వేసిన ఇంటూ గుర్తుల అల్లికనే మళ్లీ పేర్చారు. పెద్దాయన అక్కడ ఆగి, ఆ ఇటుకలను అరచేత్తో ఒకసారి నిమిరి ముందుకు నడిచారు. లోపల ఎక్కడా స్తంభం లేదు. ఎన్‌డియాయె మొదటి గోల్ కొట్టాడు, గార్నర్ రెండోది, 2–0తో గెలిచాం. ఖాళీ కుర్చీ ఒక్కటైనా కనబడుతుందేమోనని కొడుకు మధ్యలో రెండుసార్లు లేచి చూశాడు.

మ్యాచ్ అయ్యాక దగ్గరి రైల్వే స్టేషన్ ముందు వరస చూసి, నడుద్దామన్నారు పెద్దాయన. డెబ్బై అయిదేళ్ల మనిషి. ఒకప్పుడు గూడిసన్ నుంచి ఇంటికి ఏడు నిమిషాలు. ఆ సాయంత్రం దాదాపు గంట పట్టింది. ఇదే గంటలో బస్సెక్కి కర్క్‌బీ నుంచి కూడా వచ్చేసేవాళ్లం కదా అని దారిలో కొడుకు ఊరుకోలేక అన్నాడు. పెద్దాయన నడక ఆపలేదు. ఇప్పుడు మనం ఏ ఊళ్లో నడుస్తున్నామో చెప్పు అని అడిగి, జవాబు కోసం ఆగకుండా రోడ్డు దాటారు.