డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ ప్రాక్టికల్స్: నేను తప్పిన ఒక స్టేషన్

డాక్టర్ల పీజీ పరీక్ష డీఎన్‌బీలో రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. థియరీ గురించి ఎక్కువ చెప్పను. ఆ పుస్తకాలు మీ అందరి బల్లల మీదా ఉన్నవే. మొదటిసారి నన్ను దెబ్బతీసింది, తమను తామే గాయపరచుకునే రోగిని గుర్తించే స్టేషన్, అంటే రోగిగా నటించేవారితో మాట్లాడాల్సిన పరీక్ష ఘట్టం.

తలనొప్పి అంటూ ఇంటర్ విద్యార్థిని పాత్రలో ఒకామె కూర్చున్నారు. ముంజేతి మీద పాత మచ్చలు చూడగానే "ఇంత చదువుకుని ఇదేం పనమ్మా, అమ్మానాన్నల గురించి ఆలోచించలేదా?" అన్నాను. ఆమె చేతిని చున్నీ కింద దాచుకున్నారు. ఆ తర్వాత ఏమడిగినా "ఏం లేదండీ" అన్నదొక్కటే జవాబు. నేను తప్పింది చదవకపోవడం వల్ల కాదు. కిక్కిరిసిన ఓపీలో మందలింపునే వైద్యమనుకోవడం అలవాటై తప్పాను.

కొన్ని నెలలకు గుంటూరులో మా ఓపీకి, మే నెల ఎండలో ఫుల్‌హ్యాండ్స్ చొక్కాతో ఒక యువకుడు వచ్చాడు. బీపీ చూడబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, "మనసు భరించలేనంత బరువెక్కినప్పుడు కొందరు తమను తాము గాయపరచుకుంటారు. మీకెప్పుడైనా అలా జరిగిందా?" అని అడిగి ఊరుకున్నాను. చాలాసేపటికి అతనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

చావాలని కాక, బాధ నుంచి కాస్త ఉపశమనం కోసమే గాయపరచుకునేవారు ఉంటారు. అయినా వారిలో ఆత్మహత్య ముప్పు ఎక్కువ కనుక ఆ ఆలోచన, ప్రణాళిక, గత ప్రయత్నాల గురించి సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మన మిర్చి రైతుల ఇళ్లలో పురుగుమందులు ఎక్కడుంటాయో, తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా కనుక్కోవాలి. ప్రాణాపాయం కనిపిస్తే ఒంటరిగా వదలకుండా అప్పుడే సైకియాట్రీకి పంపాలి. లేకుంటే మళ్లీ రావాల్సిన తేదీ చెప్పి, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసివ్వాలి. పోలీసు కేసవుతుందని భయపడే కుటుంబానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ వివరించగలగాలి: ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని నేరస్థుడిగా కాక, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది.

ఇదంతా బట్టీపడితే రాదు. నేను మూడు నెలలు ప్రతి రాత్రీ డ్యూటీ అయ్యాక ఒక జూనియర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ యువకుణ్ని అడిగిన ప్రశ్నను పలికాను. ఒక్క రోజూ మానలేదు, మీరూ మానకండి.

రెండోసారి నాకు వచ్చింది నిద్రపట్టని గృహిణి. మచ్చలేవీ కనిపించలేదు. అయినా అదే ప్రశ్న అడిగి, ఆగాను. ఆమె తల వంచుకుని, "రెండుసార్లు, డాక్టరుగారూ" అన్నారు.