బోటో3 అప్‌డేట్ తర్వాత రొయ్యల ఫొటోలు ఎందుకు తెరుచుకోలేదు

పైథాన్ కోడ్ నుంచి అమెజాన్ క్లౌడ్‌తో మాట్లాడే లైబ్రరీ బోటో3ని 1.35 నుంచి 1.36కి, లేదా ఆపై వెర్షన్లకు మార్చబోతున్నారా? అందులోనూ అమెజాన్ ఫైల్ స్టోరేజీ సర్వీసు ఎస్3 కాకుండా "ఎస్3 కంపాటిబుల్" అని చెప్పుకునే వేరే స్టోరేజీ వాడుతున్నారా? అయితే ఇది చదివాకే ఆ పని పెట్టుకోండి. వెర్షన్ నంబరులో మధ్య అంకె ఒక్కటే కదా మారింది, మన కోడ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోవట్లేదు కదా అనిపిస్తుంది. కోడ్ నిజంగానే మారదు. మన కోడ్ కింద నుంచి నెట్‌వర్క్ మీదకు వెళ్లే రిక్వెస్టు మారిపోతుంది.

మాది మధురవాడలో చిన్న టీం. విశాఖ, భీమిలి చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఏ చెరువు సరుకు ఏ లాట్‌లోకి వెళ్లింది, కౌంటు ఎంత, యాంటీబయాటిక్ టెస్టు రిపోర్టు ఏది, గ్రేడింగ్ దగ్గర తీసిన ఫొటోలు ఏవి, లాట్ నంబరు కొడితే ఇవన్నీ రావాలి. సరుకు కంటెయినర్ ఎక్కేశాక అవతలి దేశం నుంచి బయ్యర్ ఏదైనా అడిగితే ఆ ఫైళ్లే దిక్కు, కాబట్టి ఫైల్ అప్‌లోడ్ మాకు పక్కన పడేసే ఫీచర్ కాదు. ఆ ఫైళ్లన్నీ బోటో3 ద్వారానే వెళ్తాయి, కాకపోతే ఖర్చు తగ్గుతుందని ఎస్3 ఏపీఐకే జవాబిచ్చే మరో కంపెనీ స్టోరేజీలోకి.

అప్‌డేట్ ఎందుకు పెట్టుకున్నామంటే, పైథాన్ 3.8కి 2024 అక్టోబరుతో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి, 2025 ఏప్రిల్‌లో బోటో3 కూడా 3.8ని వదిలేసింది. ఇంకా అక్కడే కూర్చుంటే కుదరదు.

బోటో3 లోపల ఏముందో ఒకసారి చూసినవాళ్లకు ఈ గొడవ సులువుగా అర్థమవుతుంది. అసలు పని చేసేది దాని కింద ఉండే బోటోకోర్ అనే లైబ్రరీ. అందులో డేటా అనే ఫోల్డర్ ఉంటుంది, ఒక్కో సర్వీసుకు విడిగా జేసన్ ఫైళ్లు (సమాచారాన్ని టెక్స్ట్‌గా రాసే ఒక ఫార్మాట్), ఏ ఆపరేషన్ ఉంది, ఏం పంపాలి, ఏం తిరిగొస్తుంది అన్నీ అందులోనే రాసి ఉంటాయి. మనం క్లయింట్ అడిగినప్పుడు ఆ జేసన్ చదివి అప్పటికప్పుడు మెథడ్‌లు తయారు చేస్తుంది. అందుకే దాదాపు ప్రతి పని రోజూ కొత్త వెర్షన్ వస్తూ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మనం ఎప్పుడూ వాడని సర్వీసులకు చేర్చిన కొత్త ఫీల్డులే. రోజూ వచ్చేదాన్ని ఎవరూ చదవరు. ఆ అలవాటులోనే అసలు చదవాల్సిన నోటు కూడా కళ్ల ముందు నుంచి జారిపోతుంది, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే 2025 జనవరిలో 1.36 వచ్చినప్పుడు మార్పు ఏంటో వాళ్లు చేంజ్‌లాగ్‌లో రాశారు.

ఆ మార్పు ఇది. ఇకపై అప్‌లోడ్ చేసే ప్రతి ఫైలుకూ ఎస్‌డీకే, అంటే బోటో3, తనంతట తానే సీఆర్‌సీ32 చెక్‌సమ్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే, సరిచూసుకోవడానికి పనికొచ్చే చిన్న సంఖ్య) లెక్కగట్టి పంపుతుంది. దారిలో ఒక్క బైటు చెడినా సర్వర్ పట్టేస్తుంది. ఆలోచన మంచిదే, నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. అయితే హెచ్‌టీటీపీఎస్ మీద వెళ్లేటప్పుడు ఆ చెక్‌సమ్‌ను ముందుగా హెడర్‌లో పెట్టరు, ఫైలును ముక్కలు ముక్కలుగా పంపి అన్నిటికన్నా చివర ట్రెయిలర్‌గా తగిలిస్తారు. కంటెంట్ ఎన్‌కోడింగ్ "ఏడబ్ల్యూఎస్ చంక్డ్" అయిపోతుంది. ప్రతి ముక్కకూ ముందు దాని సైజు హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెల్లో, ఒక లైనుగా వస్తుంది. అమెజాన్ సర్వర్ ఈ లైన్లు తీసేసి అసలు ఫైలును మాత్రమే దాచుకుంటుంది. మేము వాడే స్టోరేజీ అలా చేయలేదు. కొరియర్ డబ్బా మీద స్లిప్పులు పీకి పారేయాల్సింది పోయి, వాటిని కూడా సరుకుతో పాటు బీరువాలో పెట్టేసినట్టు, అన్నీ కలిపి సేవ్ చేసేసింది. పైగా జవాబు 200 ఓకే, అంటే అంతా సవ్యంగా జరిగిందని.

ప్రొడక్షన్‌కు ముందు పరీక్షించి చూసే స్టేజింగ్‌లో మా టీంలో శ్రీకాకుళం కుర్రాడు ముందు గమనించాడు. "అన్నా, ఇదేటి, ఫొటోలు ఒక్కటీ ఓపెనవట్లేదు గానీ పీడీఎఫ్‌లు బానే వస్తన్నాయి?"

ఆ తేడానే దారి చూపించింది. పాడైన ఫొటోను డౌన్‌లోడ్ చేసి హెక్స్‌లో తెరిస్తే మొట్టమొదటి లైను 100000. అంటే హెక్స్‌లో సరిగ్గా ఒక మెగాబైటు. ఆ తర్వాతే జేపెగ్ మొదలయ్యే ఎఫ్ఎఫ్ డీ8. కిందికి వెళ్తే ప్రతి మెగాబైటు దగ్గరా మళ్లీ అలాంటి లైను, చిట్టచివర ఒక సున్నా, దాని కింద సీఆర్‌సీ32 పేరుతో చెక్‌సమ్. ఫొటో వ్యూయర్‌కు మొదటి బైట్లు సరిగా లేకపోతే అది ఫొటోనే కాదు. పీడీఎఫ్ రీడర్లు అలా కాదు, ముందు కాస్త చెత్త ఉన్నా పీడీఎఫ్ గుర్తు ఎక్కడుందో వెతుక్కుని సర్దుకుంటాయి, అందుకే మెగాబైటు లోపు ఉన్న రిపోర్టులు ఏమీ జరగనట్టు తెరుచుకున్నాయి. పీడీఎఫ్‌లు మాత్రమే దాచే సిస్టమ్ అయ్యుంటే ఇది ఎన్నాళ్లకు బయటపడేదో తలుచుకుంటేనే టెన్షన్ వస్తుంది.

ఇంకో తిరకాసు, లాప్‌టాప్‌లో అంతా బాగానే పనిచేసింది. అక్కడ లోకల్ స్టోరేజీ సర్వర్‌కు మామూలు హెచ్‌టీటీపీ మీద కనెక్ట్ అవుతాం. హెచ్‌టీటీపీ అయితే ట్రెయిలర్ వాడదు, చెక్‌సమ్ హెడర్‌లోనే వెళ్తుంది, ముక్కలు చేయడం ఉండదు. యూనిట్ టెస్టులూ పాసయ్యాయి, ఎందుకంటే అవి మోటో మీద నడుస్తాయి, అది అమెజాన్‌లా ప్రవర్తించే నకిలీ సర్వీసు, మనం నిజంగా మాట్లాడే సర్వర్ ఎలా ప్రవర్తిస్తుందో దానికేం తెలుసు. ఇలాంటి అనుమానం వస్తే బోటో3లోనే ఉన్న స్ట్రీమ్ లాగర్‌ను డీబగ్ లెవెల్‌లో ఆన్ చేసి పాత వెర్షన్‌తో ఒకసారి, కొత్త వెర్షన్‌తో ఒకసారి అదే ఫైలు పంపి రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి, హెడర్ల తేడా వెంటనే కనిపిస్తుంది. ఆ లాగ్‌లో ఫైల్లోని సమాచారం, సంతకాలు లాంటివి కూడా పడొచ్చు కాబట్టి ప్రొడక్షన్‌లో మాత్రం వద్దు.

పరిష్కారం చిన్నదే. రిక్వెస్ట్ చెక్‌సమ్ కాలిక్యులేషన్, రెస్పాన్స్ చెక్‌సమ్ వ్యాలిడేషన్ అని రెండు సెట్టింగులు ఉన్నాయి. డిఫాల్ట్‌గా "వెన్ సపోర్టెడ్" ఉంటుంది, రెండింటినీ "వెన్ రిక్వైర్డ్" చేస్తే మామూలు అప్‌లోడ్ పాత పద్ధతికి వస్తుంది. వీటిని కోడ్‌లో కాన్ఫిగ్ ఆబ్జెక్ట్‌కు ఇవ్వొచ్చు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గానూ పెట్టొచ్చు. నా మాట వినండి, మార్పు జరుగుతున్నన్నాళ్లూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గానే ఉంచండి. పాత వెర్షన్ దాన్ని పట్టించుకోదు, అదే కాన్ఫిగ్‌లో రాస్తే ఈ పేరు నాకు తెలియదని పాత బోటోకోర్ ఎర్రర్ కొడుతుంది, రోల్‌బ్యాక్ చేయాల్సి వచ్చిన రాత్రి అదొక కొత్త తలనొప్పి.

అయితే ఈ సెట్టింగ్ పెట్టి చేతులు దులుపుకోవడానికి లేదు. ఒకేసారి చాలా ఫైళ్లు తీసేసే డిలీట్ ఆబ్జెక్ట్స్ ఆపరేషన్‌కు చెక్‌సమ్ తప్పనిసరి, అంటే "వెన్ రిక్వైర్డ్" అన్నా అక్కడ పంపుతుంది. ఇదివరకు ఎండీ5 అనే మరో రకం చెక్‌సమ్ పంపేది, ఇప్పుడు దాని బదులు సీఆర్‌సీ32. ఎండీ5 కోసమే చూసే సర్వర్లు కంటెంట్ ఎండీ5 లేదని తిప్పికొడతాయి. మాది సరిగ్గా అలాగే చేసింది. ఆ హెడర్‌ను బోటోకోర్ ఈవెంట్ సిస్టమ్‌లో మనమే జతచేసే మార్గం ఉంది, కానీ లైబ్రరీ లోపలి దారాలు లాగడం నాకు ఇష్టం లేక, ఒక్కో ఫైలునూ విడిగా తీసేసే మామూలు డిలీట్ ఆబ్జెక్ట్‌కు మార్చాం. నెమ్మది, నిజమే. పాత డ్రాఫ్ట్ ఫొటోలు తుడిచే పని రాత్రిపూట నడుస్తుంది, దానికి తొందరేముంది.

పైథాన్ 3.10కి గానీ, ఆపైకి గానీ వెళ్తుంటే ఇంకోటి కూడా చూసుకోండి. 3.9 వరకు బోటోకోర్ తాను నెట్‌వర్క్ కనెక్షన్లకు వాడే యూఆర్‌ఎల్‌లిబ్3 అనే లైబ్రరీని మొదటి తరం వెర్షన్ల దగ్గరే కట్టేసి ఉంచుతుంది, 3.10 నుంచి రెండో తరాన్ని రానిస్తుంది. ఆ రెండో తరం డిఫాల్ట్‌గా టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్ పద్ధతి) 1.2 కంటే తక్కువ ఉన్న సర్వర్‌తో మాట్లాడదు. ఏదైనా ప్లాంటులో మూలన పాత బాక్స్ ఒకటి నడుస్తుంటే అది మూగబోతుంది.

ఇప్పుడు మా దగ్గర ప్రతి బోటో3 అప్‌డేట్‌కూ ముందు ఒక టెస్టు నడుస్తుంది, నకిలీ సర్వీసు మీద కాదు, నిజమైన స్టోరేజీలో వేరే బకెట్ (ఫైళ్లు దాచే విభాగం) మీద, హెచ్‌టీటీపీఎస్‌తోనే. 3 ఎంబీ ఫైలు ఒకటి, 20 ఎంబీ ఫైలు ఒకటి ఎక్కిస్తాం, ఎందుకంటే 8 ఎంబీ దాటితే బోటో3 ఫైలును భాగాలుగా విడివిడి రిక్వెస్టుల్లో పంపే మల్టీపార్ట్‌కు మారుతుంది, ఆ దారి వేరు. దించుకుని, ఎక్కించిన ఫైలే అచ్చంగా తిరిగొచ్చిందా అని రెండింటి ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చి చూస్తాం. వెయ్యికి పైగా చిన్న ఫైళ్లు పెట్టి లిస్టు మొత్తం వస్తుందో లేదో చూస్తాం, ఒక్క కాల్‌కు వెయ్యి పేర్లే వస్తాయి కాబట్టి మిగతావి కాల్ మీద కాల్ చేసి తెచ్చే పేజినేటర్ కూడా పరీక్షకు నిలబడాలి. తర్వాత అన్నీ తీసేస్తాం. స్టోరేజీ కంపెనీకి ఆ హెక్స్ డంప్ మొత్తం జతచేసి టికెట్ పెట్టాం, సరిచేస్తామన్నారు. వాళ్లు సరిచేశాక ఇదే టెస్టును ఆ రెండు సెట్టింగులూ తీసేసి నడిపి చూస్తాం, పాసైతే చెక్‌సమ్‌లు మళ్లీ ఆన్ చేసేస్తాం, ఎందుకంటే ఆ కాపలా మా ఫైళ్లకు కావాలి.