వినపడని చోట ఖాళీ వదిలేవాళ్ళు

"నోట్‌లో ఈ ఖాళీలేమిటి? సాఫ్ట్‌వేర్ ఒక్కటి కూడా ఉంచడం లేదే" అని క్లినిక్ మేనేజరు అందరి ముందూ అన్న మాట మనసులోంచి పోవడం లేదు. ఇక్కడ డల్లాస్‌లో డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుంటుంటే విని, పేషెంటు రికార్డులోకి వెళ్ళే నోట్ మొత్తం తనే రాసిపెట్టే ఏఐ వచ్చింది. అది రాసింది సరిచూసి డాక్టరు సంతకానికి పంపడం మా పని. ఖాళీ కనిపిస్తే ఇక్కడివాళ్ళకి బద్ధకం అనిపిస్తుంది. హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్, అంటే డాక్టర్ల ఆడియో విని టైపు చేసే పని, చేసిన ఎవరినైనా అడగండి, వినపడని చోట ఖాళీ వదలడమే పనిలో మొదటి పాఠం.

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, రాత్రంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న తరం మనది. డల్లాస్‌లో సాయంత్రం 5 అయితే, ఎండాకాలంలో హైదరాబాద్‌లో తెల్లవారుజాము 3:30. కాలికింద పెడల్: మధ్యలో నొక్కితే ఆడియో నడుస్తుంది, ఎడమవైపు నొక్కితే వెనక్కి వెళ్తుంది. స్పేసులతో కలిపి 65 అక్షరాలు ఒక లైను, డబ్బులు లైన్ల లెక్కన. గంట ఆడియోకి మూడు నాలుగు గంటల పని. ఎన్నిసార్లు విన్నా మాట తెలియకపోతే ఊహించి రాయకూడదు. అక్కడ గీత పెట్టి, ఆడియోలో ఎన్నో నిమిషం ఎన్నో సెకనో రాసి క్యూఏకి, అంటే మా పని సరిచూసేవాళ్ళకి, పంపాలి. వాళ్ళకీ అందకపోతే ఆ గీత అలాగే డాక్టరు దాకా వెళ్తుంది. లైన్ల లెక్కన బతికేవాళ్ళు, తోచింది రాసేసి ముందుకెళ్ళే వీలున్నా, ఆగి గీత పెట్టేవాళ్ళు. ఆ నిజాయితీకి ఇక్కడ విలువ కట్టేవాళ్ళు కనపడకపోవడమే నా బాధ.

ఎందుకంత పట్టింపు అంటే, సెలెబ్రెక్స్ కీళ్ళనొప్పులకి, సెలెక్సా డిప్రెషన్‌కి, సెరెబిక్స్ ఫిట్స్‌కి. వేగంగా అంటే మూడూ ఒక్కలాగే వినిపిస్తాయి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా అంతే. మోతాదు 0.5 అని సున్నాతో రాయాలి. ఉత్త .5 రాస్తే చుక్క కనపడక 5 అవుతుంది. 1.0 రాయకూడదు, చుక్క పోతే 10. ఈ రెండు రాతలూ, ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ అమెరికా ఆస్పత్రులకి 2004లో ఇచ్చిన నిషేధాల జాబితాలో ఉన్నాయి. అమీర్‌పేటలో పిల్లలకి అవి కంఠతా వచ్చేవి.

ఏఐ ఖాళీ ఎందుకు వదలదంటే దాని తయారీయే అలాంటిది. ముందు శబ్దాన్ని అక్షరాల్లోకి మారుస్తుంది, తరవాత ఆ అక్షరాల్ని నోట్‌గా కుదిస్తుంది. రెండు చోట్లా ఎక్కువ అవకాశం ఉన్న మాటనే ఎంచుకుంటుంది. శబ్దం సరిగ్గా అందకపోయినా, ఎక్కువ అవకాశం ఉన్న మాట ఏదో ఒకటి ఉంటుందిగా! అదే రాస్తుంది. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన, మాటని అక్షరాల్లోకి మార్చే విస్పర్ లాంటి మోడళ్ళు, ఎవరూ మాట్లాడకుండా ఆగినచోట కూడా ఎవరూ అనని వాక్యాలు రాసిన సందర్భాలు పరిశోధకులు చూపించారు. ఆ వాక్యం వ్యాకరణం తప్పకుండా చక్కగా ఉంటుంది, అందుకే తప్పు కంటికి ఆనదు.

దానివల్ల మేలు లేదని కాదు. డాక్టరు కీబోర్డు వదిలి పేషెంటు మొహం చూసి మాట్లాడుతున్నాడు. అది చిన్న విషయం కాదు.

మన పెద్దవాళ్ళు వచ్చినప్పుడు చూడాలి. డాక్టరు "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగితే నాన్న తల అడ్డంగా ఊపుతాడు. పక్కనున్న కొడుకు "వేసుకుంటారండీ" అంటాడు. మైకుకి తల ఊపడం వినపడదు. ఒక్కోసారి ఏఐ కొడుకు గొంతునీ తండ్రి గొంతునీ కలిపేస్తుంది. చివరికి నోట్‌లో "పేషెంటు రోజూ మందులు వాడుతున్నానని చెప్పారు" అని వస్తుంది. బీపీ ఎందుకు తగ్గలేదో తెలియక డాక్టరు మోతాదు పెంచుతాడు.

ఇలాంటి నోట్ సరిచూసేటప్పుడు మొదటినుంచి చదువుకుంటూ పోతే లాభం లేదు, వాక్యాల నునుపులో కొట్టుకుపోతాం. ముందు అంకెలు పట్టుకోవాలి. తరవాత కుడి ఎడమలు. ఆ తరవాత "లేదు", "కాదు" అన్నవన్నీ, ఎందుకంటే మెల్లగా అన్న "నో" ఒక్కటి జారితే లేని జబ్బు వచ్చి కూర్చుంటుంది. మందుల పేర్లు పాత జాబితా పక్కన పెట్టి చూడాలి. అనుమానం వచ్చిన చోట ఆడియో వేగం తగ్గించి వినాలి. ఏఐ రాసిన డ్రాఫ్టులు సరిచూసే పని ఇప్పటికీ హైదరాబాద్‌కి వస్తోంది. మొదటినుంచి టైపు చేసిన రోజుల్లో ఇచ్చిన రేటు మాత్రం ఇప్పుడు లేదు. వినడానికి పట్టే సమయం తగ్గిందని ఎవరు లెక్కేశారో!

అమ్మానాన్నల్ని ఇక్కడ డాక్టరుకి చూపించేవాళ్ళు మందుల స్ట్రిప్పులు సంచిలో వేసుకెళ్ళండి. రికార్డింగ్ వద్దనుకుంటే ముందే చెప్పొచ్చు. జవాబు వాళ్ళనే నోటితో చెప్పనివ్వండి, మీరు చెప్పాల్సి వస్తే "నేను వాళ్ళబ్బాయిని" అని చెప్పి మొదలుపెట్టండి. ఇంటికొచ్చాక క్లినిక్ పేషెంట్ల వెబ్‌సైటు (పోర్టల్) తెరిచి నోట్ చదవండి. 2021 ఏప్రిల్ నుంచి పేషెంటుకి దాన్ని ఆలస్యం లేకుండా చూపించాలన్న నియమం ఉంది. తప్పు కనిపిస్తే సరిదిద్దమని రాతపూర్వకంగా అడగండి. పేషెంట్ల వివరాల గోప్యతకి అమెరికాలో ఉన్న హిప్పా చట్టం ప్రకారం క్లినిక్‌వాళ్ళు 60 రోజుల్లోగా జవాబివ్వాలి, గడువు పెంచుకున్నా ఇంకో 30 రోజులే.