గ్యాస్ కంప్రెసర్ స్కిడ్‌ను ఓడ ఎక్కించడం: నా అనుభవం

చమురు, గ్యాస్ క్షేత్రాలకు భారీ యంత్రాలు ఓడల్లో పంపే పనిలో నేను చూసిన చిక్కులు చాలావరకు ఒకచోటే పుట్టాయి. డ్రాయింగ్ మీద ఉండే బరువు, కొలతలు వేరు. ప్యాకింగ్ అయ్యాక ట్రెయిలర్ మీద కూర్చునే వస్తువు బరువు, కొలతలు వేరు. ఈ తేడా ఫ్యాక్టరీ గేటు లోపలే తేలిపోవాలి. రేవులో తేలితే క్రేన్ మారాలి, ఓడలో చోటు మారాలి, కాగితాలన్నీ మళ్లీ రాయాలి.

మోటారుతో సహా ఒకే బేస్ ఫ్రేమ్ మీద బిగించిన కంప్రెసర్ స్కిడ్‌నే తీసుకుంటాను. డ్రాయింగులో 31 టన్నులు. లోడ్ సెల్ (క్రేన్ కొక్కేనికి తగిలించే తూకం పరికరం) పెట్టి లేపితే 34.6. ఇన్సులేషన్, కేబుల్ ట్రేలు, ఆ తర్వాత చేర్చిన గ్రేటింగ్, క్రాంక్‌కేసులో మిగిలిన నూనె, అడుగున బిగించిన దుంగలు, అన్నీ కలిసి 3.6 టన్నులు పెంచాయి. అందుకే తూచకుండా ఎవరికీ బరువు చెప్పను.

కొలతల లెక్క ఇంకా ఖరీదైనది. బ్రేక్‌బల్క్ సరుకుకు, అంటే కంటైనర్లో కాక విడిగా ఎక్కించే సరుకుకు, ఓడవాళ్లు టన్నును, ఘనపు మీటరును పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తారు. 7.2 మీటర్ల పొడవు, 3.1 వెడల్పు, 3.4 ఎత్తు అంటే దాదాపు 75.9 ఘనపు మీటర్లు. బరువు 34.6 టన్నులే అయినా బిల్లు 75.9కి వస్తుంది. ఆ 3.4లో పై అర మీటరు ఒక్క వెంట్ పైపుది. ఫ్లాంజ్ (పైపులను బోల్టులతో కలిపే అంచు) దగ్గర విప్పి విడిగా పెట్టెలో పెడితే ఎత్తు 2.9కి, పరిమాణం 64.7కి దిగుతుంది. పైపు పెట్టె ఒక ఘనపు మీటరు కూడా ఉండదు. పైగా 0.9 మీటర్ల ఎత్తున్న ట్రెయిలర్ మీద మొత్తం 3.8 మీటర్లే అవుతుంది కాబట్టి కరెంటు తీగలు, వంతెనల బాధ కూడా తగ్గుతుంది. విప్పిన ఫ్లాంజ్ ముఖానికి గ్రీజు రాసి, గ్యాస్కెట్ వేసి, ఉక్కు బ్లైండ్ (మూత పలక) బిగించాలి. ప్లాస్టిక్ మూత సముద్రానికి ఆగదు.

40 అడుగుల ఫ్లాట్ ర్యాక్ (పక్క గోడలు, పైకప్పు లేని కంటైనర్) మీద పంపొచ్చు కదా అని అడుగుతుంటారు. దాని వెడల్పు 2.44 మీటర్లు. 3.1 మీటర్ల స్కిడ్ రెండు పక్కలా బయటికి వస్తుంది. పక్క స్లాట్లు (కంటైనర్ల చోట్లు) ఖాళీగా వదలాలి కాబట్టి వాటి డబ్బు కూడా మనమే కట్టాలి. ఇలాంటి వాటికి సొంత క్రేన్లున్న బ్రేక్‌బల్క్ ఓడే మేలని నా లెక్క.

ఎత్తే దగ్గర స్లింగులు (ఎత్తే తాళ్లు) తగిలించే నాలుగు లగ్గులున్నాయి కదా అని బరువును నాలుగుతో భాగిస్తే తప్పు. స్లింగుల పొడవుల్లో కొద్ది తేడా ఉన్నా ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండే బరువంతా మోస్తాయి. ఆ లెక్కన క్షితిజ రేఖకు 60 డిగ్రీల కోణంలో ఒక్కో స్లింగ్ మీద 20 టన్నులు, 45 డిగ్రీల్లో 24.5, 30 డిగ్రీల్లో మొత్తం 34.6 టన్నులూ పడతాయి. హుక్ ఎత్తు చాలక స్లింగులు పొట్టివి వేస్తే కోణం పడిపోతుంది, ప్రమాదం అక్కడే. స్లింగులు పైపులను నొక్కకుండా స్ప్రెడర్ బీమ్ (వాటిని ఎడంగా ఉంచే అడ్డదూలం) వేయాలి. గరిమనాభి (బరువు కేంద్రం) గుర్తు నాలుగు వైపులా పెయింటుతో వేయించాలి. కంప్రెసర్ ఒక చివర, మోటారు ఇంకో చివర ఉన్న స్కిడ్‌కు అది ఎప్పుడూ నడిమధ్యన ఉండదు.

అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది ప్రిజర్వేషన్, అంటే దారిలో యంత్రం పాడవకుండా కాపాడడం. సిలిండర్లు, గ్యాస్ పైపింగ్‌లో 0.3 బార్ దగ్గర నైట్రోజన్ నింపి, బయటికి కనిపించేలా గేజ్ పెడతాం. విప్పేవాళ్లకు ఊపిరాడని ప్రమాదం ఉంటుంది కాబట్టి హెచ్చరిక బోర్డు తప్పనిసరి. జంక్షన్ బాక్సుల్లో తేమ పీల్చే సంచులు వేస్తాం. ఇక మోటారు బేరింగుల సంగతి. ఓడ ఇంజిన్ అదురు వారాల తరబడి తగులుతుంటే, తిరగని షాఫ్టు బేరింగులో బాల్స్ ఒకేచోట కదులుతూ గ్రీజు పొరను తోసేస్తాయి. లోహం లోహాన్ని రుద్దుకుని రేసు (బాల్స్ దొర్లే గాడి) మీద బాల్స్ మధ్య దూరానికి సరిగ్గా సరిపోయే గుంటల వరుస పడుతుంది. యంత్రం మొదటిసారి తిప్పగానే మోత వస్తుంది, అందరూ అలైన్‌మెంట్‌ను తిడతారు. షాఫ్టు లాక్ వేస్తే ఇది చాలావరకు తప్పుతుంది. లాక్‌కు ఎర్ర ట్యాగు కట్టాలి, ప్యాకింగ్ లిస్టులో కూడా రాయాలి. లేకపోతే అవతల దాన్ని తీయకుండానే స్విచ్ వేస్తారు.

చెక్క విషయంలో ఐఎస్‌పీఎం 15 నియమం (చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా పెట్టినది) పెట్టెలకే కాదు, స్కిడ్ కింద పరిచే డన్నేజ్‌కూ వర్తిస్తుంది. చెక్క నడిగర్భం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు తగిలి, హెచ్‌టీ (వేడి చేసినట్టు) ముద్ర ఉండాలి. చివరి నిమిషంలో ఎక్కడినుంచో తెచ్చి వేసిన ఒక్క ముద్రలేని దుంగ చాలు, సరుకంతా ఆగిపోవడానికి.

ఓడ మీద కట్టడానికి సీఎస్ఎస్ కోడ్ (ఓడలో సరుకు కట్టే అంతర్జాతీయ నియమావళి) 13వ అనుబంధంలో మోటు సూత్రం ఒకటుంది: ఒక్కో పక్క లాషింగుల (కట్టే చైన్లు, తాళ్ల) అనుమతించిన భారాల మొత్తం వస్తువు బరువుకు సమానంగా ఉండాలి. 34.6 టన్నులంటే 340 కిలోన్యూటన్లు. చైన్‌కు తెగే బలంలో సగమే లెక్కలోకి వస్తుంది కాబట్టి, 200 కిలోన్యూటన్లకు తెగే చైన్లు పక్కకు 4 చొప్పున కావాలి. క్షితిజానికి 60 డిగ్రీలు దాటి నిటారుగా కట్టిన చైన్ జారకుండా ఆపే లెక్కలో రాదు. ఉక్కు మీద ఉక్కు పెట్టకూడదు: పొడిగా ఉంటే ఘర్షణ గుణకం 0.1, తడిస్తే సున్నా, మధ్యలో చెక్క ఉంటే 0.3. డెక్‌కు స్టాపర్లు (స్కిడ్ జారకుండా ఆపే ఉక్కు ముక్కలు) వెల్డ్ చేసేటప్పుడు ఎర్త్ క్లాంప్ వెల్డ్ పక్కనే పెట్టించాలి. దూరంగా పెడితే కరెంటు స్కిడ్ బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది.

కాగితాల్లో నన్ను ఎక్కువసార్లు ఆపినవి చిన్న వస్తువులే. విడిభాగాల పెట్టెలో ఎవరో మంచితనంతో పడేసిన టచప్ పెయింట్ డబ్బా యూఎన్ 1263, క్లాస్ 3 (మండే ద్రవం) ప్రమాదకర సరుకు. డిక్లేర్ చేయకపోతే కంటైనర్ మొత్తం దిగిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని బ్యాటరీలనూ చూసుకోవాలి. బావి దగ్గర వాడిన పాత పరికరమైతే లోపల పేరుకున్న పొలుసులో సహజ రేడియోధార్మికత ఉండొచ్చు, రేవు గేటు డిటెక్టర్ మోగుతుంది. ముందే కొలిపించి సర్టిఫికెట్ తీసుకోవడం మేలు.

విప్పిన భాగాల పెట్టెలు కంటైనర్లో వేరే ఓడ ఎక్కితే ఇంకో తలనొప్పి. విడదీసిన యంత్రాన్ని ఒకేసారి కస్టమ్స్ ముందుంచితే వర్గీకరణ నియమం 2(ఎ) కింద మొత్తం యంత్రంగానే చూస్తారు. వేర్వేరుగా వస్తే వేర్వేరు భాగాలుగా సుంకం పడే అవకాశం ఉంది. పైగా 2016 జూలై 1 నుంచి కంటైనర్‌కు ధ్రువీకరించిన బరువు ఇవ్వనిదే ఎక్కించరు.

ఎల్సీ (కాగితాలు సరిగా ఉంటే డబ్బిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) ఉంటే, దాని నియమాలైన యూసీపీ 600లోని 26వ అధికరణం గుర్తుంచుకోవాలి. సరుకు డెక్ మీద ఎక్కించారనో, ఎక్కిస్తారనో బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడవాళ్లు సరుకుకు ఇచ్చే పత్రం) చెబితే బ్యాంకు తిప్పి పంపుతుంది. ‘ఎక్కించవచ్చు’ అన్న వాక్యం మాత్రం చెల్లుతుంది. డెక్ మీదే వెళ్తుందని తెలిస్తే ఎల్సీలో ముందే అనుమతి రాయించుకోవాలి. టార్పాలిన్ చిరిగితే మేట్ (ఓడ అధికారి) రసీదులో ఆ సంగతి రాస్తాడు, అది బిల్ ఆఫ్ లేడింగ్‌లోకి ఎక్కితే క్లీన్ (లోపం రాయని) బిల్లు కాదు. ఓడ కదలకముందే కొత్త టార్పాలిన్ కప్పించి మాట్లాడుకోవాలి. బీమాలోనూ ఒక మెలిక ఉంది: ఐసీసీ ‘ఎ’ (సరుకు బీమాలో అన్నిటికంటే విస్తృతమైన రకం) తీసుకున్నా ప్యాకింగ్ చాలకపోవడం వల్ల వచ్చే నష్టం 4.3 క్లాజు కింద బయటే. లాషింగ్, ప్యాకింగ్ ఫొటోలు అందుకే.

దించే రేవులో చైన్లు విప్పకముందే నైట్రోజన్ గేజ్ రీడింగ్, షాక్ రికార్డర్ (కుదుపులు నమోదు చేసే పరికరం) డేటా తీసుకోవాలి. రికార్డర్‌ను పెట్టె చెక్కకు కాకుండా బేస్ ఫ్రేమ్‌కు బిగించి ఉంటేనే ఆ డేటాకు విలువ. ఓడ రవాణాలో ఓడవాళ్ల బాధ్యతను చెప్పే హేగ్-విస్బీ నియమాల కింద, పైకి కనిపించని నష్టానికి అప్పగించిన 3 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, దావాకు గడువు ఏడాది. గేజ్ సున్నా చూపిస్తే ఏ ఫ్లాంజ్ కారుతోందో తర్వాత వెతకొచ్చు, నోటీసు మాత్రం ఆ రోజే పంపేస్తాను.