కాళ్లు వాచాయి, జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది

నాకు బీపీ లేదని గొప్పగా చెప్పుకునేదాన్ని, చేతికి పట్టీ కట్టి ఎప్పుడు చూసినా 120/80. అలాంటిది ఎకో (గుండె స్కానింగ్) తీసిన డాక్టరుగారు "అమ్మా, మీకు ఊపిరితిత్తుల్లో బీపీ ఉంది" అంటే అక్కడ కూడా ఉంటుందా అనుకున్నాను.

మొదట కాళ్లు వాచాయి. వేలు పెట్టి నొక్కితే గుంట పడేది. మెట్టెలు కండలోకి దిగిపోయి, కంసాలి చేత కోయించాల్సి వచ్చింది, దానికి మా అత్తగారు రెండ్రోజులు అన్నం తినలేదు. మా కోనసీమలో కాలు వాచిందంటే ముందు బోదకాలే అంటారు. రాత్రిపూట రక్తం తీయించాం, ఏమీ లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆరు నెలలు ఏవో బిళ్లలు ఇచ్చాడు. ఆయాసం సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇరవయ్యేళ్ల దగ్గు, దాన్నెవరు రోగమనుకుంటారు?

కాకినాడలో డాక్టరుగారు "చుట్ట కాలుస్తారా?" అని అడిగారు. లేదన్నాను. "మరి దేంతో వండేవారు?" కొబ్బరి మట్టలు, డొక్కలు, వానాకాలమైతే తడివే, కిటికీ లేని వంటింట్లో. ముప్పయ్యేళ్లు ఊదుగొట్టం ఊదినదాన్ని, ఊపిరి బలం చూసే మిషన్లో ఆరు సెకన్లు ఊదలేకపోయాను. సీఓపీడీ అన్నారు, పొగ వల్ల ఏళ్ల తరబడి ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బట.

ఊపిరితిత్తుల్లో గాలి సరిగ్గా అందని చోట రక్తనాళాలు ముడుచుకుంటాయట, రక్తం బాగున్న వైపు వెళ్లడానికి. మంచి ఏర్పాటే, కానీ అంతటా గాలి తక్కువైతే అన్నీ ముడుచుకుంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ గోడలు మందమవుతాయి. పైగా జబ్బుతో కొన్ని సన్న నాళాలు నాశనమైపోతాయి. లాకుల దగ్గర తలుపులు దించితే ఎగువన కాలవ ఉబ్బుతుంది చూడండి, అలాగే ఊపిరితిత్తుల్లో బీపీ పెరిగి, అక్కడికి రక్తం పంపే కుడివైపు గుండె నెట్టలేక నెట్టలేక అలిసిపోయి, నీరు నా పాదాల్లోకి దిగింది.

నీరు పోవడానికి మాత్ర, ఇన్‌హేలరు, ఇంట్లో ఆక్సిజన్ మిషను. వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 86 శాతమే ఉండేది, అందుకని రోజుకు కనీసం 15 గంటలు ముక్కుకు గొట్టం. మా అబ్బాయి నెట్‌లో చూసి, ఊపిరితిత్తుల నాళాల్ని వదులు చేసే సిల్డెనాఫిల్ మాత్ర రాయమని డాక్టరుగారిని అడిగాడు. నా రకానికి మామూలుగా ఇవ్వరట, పాడైన చోటికి కూడా రక్తం వదిలేస్తే ఆక్సిజన్ ఇంకా పడిపోవచ్చట. కరెంటు పోతే టెన్షనే, మంచం పక్కన చిన్న సిలిండరు పెట్టుకున్నాం. ఆ గదిలో అగరుబత్తి కూడా వెలిగించనివ్వను.

ఇప్పుడు ఆగి ఆగి కాలవగట్టు దాకా నడుస్తున్నాను. మొన్న కొత్త మెట్టెలు చేయించారు మా ఆయన. పాత కొలత ఇచ్చినట్టున్నారు, కాస్త వదులయ్యాయి.