బార్బడోస్‌లో నవంబరు: కవాతు ఒక పూట, కాంకీ నెలంతా

నవంబరు 30 ఒక్కటీ చూసి వచ్చేద్దామని కరీబియన్ ద్వీపదేశం బార్బడోస్ వెళ్తే సగం పండగ చేజారినట్టే. బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది 1966లో ఆ తేదీనే, రాణిని పక్కనపెట్టి గణతంత్రమైంది 2021లో ఆ తేదీనే. కానీ హడావుడి నెలంతా ఉంటుంది. రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో పార్లమెంటు భవనాలకు నీలం, పసుపు దీపాలు ముందే వెలుగుతాయి.

కవాతు పొద్దున, ఆనవాయితీగా గ్యారిసన్ సవన్నాలో. మామూలప్పుడు గుర్రప్పందేలు జరిగే మైదానం. విరిగిన త్రిశూలం బొమ్మ ఉన్న దేశ జెండా 1966లో తొలిసారి ఎగిరిందీ ఇక్కడే. అక్కడికి వెళ్లాలంటే బ్రిడ్జ్‌టౌన్ ఫెయిర్‌చైల్డ్ స్ట్రీట్‌లో ఆయిస్టిన్స్ ఊరి వైపు బస్సెక్కాలి. ఎంత దూరమైనా టికెట్టు మూడున్నర బార్బడోస్ డాలర్లే. రెండు కలిస్తే ఒక అమెరికా డాలరు కాబట్టి మన లెక్కలో నూట నలభై పైమాటే. రెండు మైళ్ల లోపు దూరానికి! పైగా సర్కారు బస్సులో చిల్లర తిరిగివ్వరు. జెడ్‌ఆర్ అనే ప్రైవేటు తెల్లవ్యాన్లలో ఇస్తారు గానీ పాటల మోత భరించాలి. సైనికులు, పోలీసులు, క్యాడెట్లు వరసకట్టి నడుస్తారు; ఎర్రటోపీల జువావ్ (పాతకాలపు ఫ్రెంచి ఆఫ్రికా సిపాయిల తరహా) దుస్తుల్లో బ్యాండు వాయిస్తుంది. నవంబరే కదా అనుకోకండి, ఎండ మాడ్చేస్తుంది. గొడుగు వెనకవాళ్లకు అడ్డం, టోపీ నయం.

అసలు పండగ వంటింట్లో. కాంకీ అంటే మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరిమీద ఉడికించే వంటకం. బ్రిటిష్ రోజుల్లో నవంబరు 5న, లండన్ పార్లమెంటును పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ పేరుతో వండుకున్నది, ఇప్పుడు స్వాతంత్ర్యం వంటకమైంది. మన కోనసీమ పొట్టిక్కలకు దూరపు చుట్టం అనొచ్చు, కాకపోతే ఇది తియ్యన, ఆకు అరటిది.

మేం దిగిన ఇంటావిడ కొలతలివి: మొక్కజొన్న పిండి రెండు కప్పులు, మైదా అరకప్పు, కొబ్బరి కోరు మూడు కప్పులు, గుమ్మడి తురుము 350 గ్రాములు, చిలగడదుంప తురుము 225, బెల్లంరంగు పంచదార 350, కరిగించిన వెన్న 170, పాలు కప్పు, గుప్పెడు కిస్‌మిస్, జాజికాయ పొడి. పాలు చివర్న, కొద్దికొద్దిగా పోయాలి. గుమ్మడికాయ నీరు వదిలేదైతే కప్పు మొత్తం పట్టదు. పిండి గరిటె నుంచి ముద్దగా జారాలి. ధారగా కారితే ఉడికినా గట్టిపడదు.

ఆకు దగ్గరే చాలామంది చెడగొడతారు. పచ్చి ఆకు మడిస్తే ఈనె వెంట చీలుతుంది. నడిమి ఈనె కోసేసి, మంటమీద అటూ ఇటూ ఆడించి వాడ్చాలి. మెరుపొచ్చి, రంగు ముదిరితే చాలు; ఇంకాస్త ఉంచితే మచ్చలుపడి పెళుసెక్కుతుంది. ఎనిమిదంగుళాల చదరం ముక్కలో రెండు మూడు పెద్ద చెంచాల పిండి, నాలుగువైపులా మడత. దారం అక్కర్లేదు, మడత కిందికి పెడితే సరి. గిన్నెలో జల్లెడ మీద పేర్చి గంటసేపు ఆవిరి పట్టాలి. నీళ్లు ఆకుకు తగిలితే అడుగువి జావైపోతాయి.

కొని తినాలంటే పొద్దున్నే వెళ్లండి, కవాతయ్యేసరికి మంచివి మిగలవు. మర్నాటికి దాచుకుంటే ఆకు విప్పొద్దు. మళ్లీ ఆవిరిమీదే వేడిచేయండి. మైక్రోవేవ్‌లో పెడితే అంచులు బిరుసెక్కుతాయి.